పాత కర్రతో పనిబల్ల: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే పని గురించి: విప్పిన కట్టడాల దూలాలు, ద్వారబంధాలు, సరుకు మోసిన ప్యాలెట్లు తెచ్చుకుని వడ్రంగానికి పనిబల్ల చేసుకోవడం. చాలామంది రాసిన ఒక మాట మాత్రం సరిదిద్దాలి. ‘ఏళ్ల తరబడి ఆరిన కర్ర కదా, ఇక కదలదు’ అంటున్నారు. కదులుతుంది. గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుంటుంది. కోస్తే లోపల బిగుసుకుని ఉన్న ఒత్తిడి విడిపోయి వంగుతుంది. కింద చెప్పిన నష్టాల్లో చాలావాటికి ఈ నమ్మకమే మూలం.

ప్రశ్న: 100 × 125 మి.మీ. దూలాలు నాలుగు (ఒక్కొక్కటి 2.5 మీటర్లు), 75 × 100 మి.మీ. ద్వారబంధపు కర్రలు ఐదు (2.1 మీటర్లు), ఆరు ప్యాలెట్లు ఉన్నాయి. ఒకటిన్నర మీటరు బల్లకు సరిపోతాయా? ఏది ఎక్కడ వాడాలి?

జవాబు: సరిపోతాయి. బల్ల కొలత 1500 × 600 మి.మీ., పైపలక మందం 75, నేల నుంచి ఎత్తు 850 అనుకుందాం. ఎత్తు మాత్రం మీ ఒంటికి తగ్గట్టు మార్చుకోండి. నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే మణికట్టు మడత ఎక్కడికి వస్తుందో అది పై హద్దు. చిత్రిక పని ఎక్కువ చేసేవాళ్లు అంతకంటే ఐదారు సెంటీమీటర్లు దించుకుంటే ఒంటి బరువు పనిముట్టు మీద పడుతుంది, భుజాలు నొప్పి పుట్టవు.

ఒక్కో దూలాన్ని 1560, 800 మి.మీ. ముక్కలుగా కోయండి. 800 ముక్క ఒక కాలు: 90 × 90 కు చిత్రిక పట్టి 775 పొడవుకు తెగ్గోయాలి. 1560 ముక్కను నిలువునా చీలిస్తే పైపలకకు రెండు పట్టీలు వస్తాయి, పూర్తయ్యాక ఒక్కోటి 40 × 75. అంటే నాలుగు దూలాలకు నాలుగు కాళ్లు, ఎనిమిది పట్టీలు. ద్వారబంధపు కర్రల్లో నాలుగింటి నుంచి 1560 ముక్కలు తీసి 70 × 75 కు తెండి. ఎనిమిది నలభైలు 320, నాలుగు డెబ్బైలు 280, మొత్తం 600. పట్టీలన్నీ ఒకే మందం ఉండాలన్న నియమం లేదు. ఆ నాలుగు కర్రల్లో మిగిలే 540 ముక్కలతో కాళ్లను ముందు నుంచి వెనక్కి కలిపే నాలుగు పొట్టి అడ్డకర్రలు, 45 × 90 × 460. ఐదో కర్రలో రెండు పొడుగు అడ్డకర్రలు, 60 × 95 × 960.

ద్వారబంధంలో తలుపు ఆనే గాడి ఉంటుంది. అడ్డకర్రల మందం తగ్గించేటప్పుడు అది చిత్రికకే పోతుంది. పైపలక పట్టీల్లో మాత్రం గాడి వైపు నుంచే 25 మి.మీ. తీసి, ఇంకా కొద్దిగా మిగిలితే ఆ అంచును అడుగుకు తిప్పండి. అక్కడ చిన్న సందు ఉన్నా బలానికి లోటు రాదు.

ప్యాలెట్ పలకలు సాధారణంగా 15 నుంచి 22 మి.మీ. మందమే, పైగా మెత్తటి కర్ర. వాటిని బల్ల అడుగున ఉండే అరకు, సొరుగులకు ఉంచుకోండి. పైపలక జోలికి వద్దు. ప్యాలెట్ మీద ముద్ర చూడటం మరవకండి: ‘హెచ్‌టి’ అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, వాడుకోవచ్చు. ‘ఎంబి’ ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టినది, పక్కన పడేయండి. ముద్రే లేనిదాన్ని, ఏదో ఒలికి మరకలు పడినదాన్ని ఇంట్లోకి తేవద్దు.

ఘనపు మీటరుకు 650 కిలోల బరువుండే కర్ర అయితే ఈ బల్ల దాదాపు 72 కిలోలు తూగుతుంది. తయారైన కర్ర 0.11 ఘనపు మీటరే, మీరు తెచ్చినది 0.20. పాత కర్రకు ఒకటిన్నర నుంచి రెండింతలు ముడిసరుకు లెక్క వేసుకోవాల్సిందే.

కోసిన వెంటనే తుది కొలతకు తేవద్దు. వెడల్పులో, మందంలో ఐదారు మి.మీ. అదనంగా వదలండి. 20 మి.మీ. మందం బద్దలు 40 సెం.మీ.కు ఒకటి చొప్పున మధ్యలో పెట్టి పేర్చండి. బద్దలన్నీ ఒకదాని మీద ఒకటి నిలువు వరసలో ఉండాలి. బల్ల ఎక్కడ ఉండబోతోందో అదే గదిలో రెండు మూడు వారాలు వదిలేయండి. వంగేది ఇప్పుడే వంగుతుంది, ఆ వంపును మిగిలిన మందంలో తీసేయవచ్చు. తేమ కొలిచే మీటరు లేకపోతే చిన్న ముక్క కోసి తూచి, 103 డిగ్రీల ఓవెన్‌లో ఒక రోజు ఉంచి మళ్లీ తూచండి. 250 గ్రాములది 220 అయితే తగ్గిన 30 ని 220 తో భాగించాలి, అంటే 13.6 శాతం తేమ. పొడి గదిలో ఉండే బల్లకు 8 నుంచి 12 మధ్య ఉండటం మంచిది. ఎక్కువ ఉంటే ఆగండి.

ప్రశ్న: మేకులన్నీ తీశామనుకున్నాం. అయినా రంపం పళ్లు రెండుసార్లు పోయాయి. లోపలున్నవి ఎలా కనిపెట్టాలి?

జవాబు: తల తెగి లోపలే ఉండిపోయిన మేకులవి. టేకు వంటి కర్రలో ఇనుము చుట్టూ నీలం కలిసిన నల్లటి మరక పడుతుంది. తల కనబడకపోయినా మరక చెబుతుంది. తీగబ్రష్‌తో మట్టి దులిపి, మరక ఉన్నచోటల్లా సుద్దతో గుండ్రం చుట్టండి. తర్వాత బలమైన అయస్కాంతాన్ని దారానికి కట్టి కర్ర మీదుగా నెమ్మదిగా నడపండి. ఒకవైపుకు లాగితే అక్కడ ఇనుముంది. ఇత్తడి, రాగి స్క్రూలను అయస్కాంతం పట్టదు. వాటికి చేతిలో పట్టుకునే లోహశోధకం కావాలి. మిల్లులో కోయించబోతే ఆ పరికరం ఉండితీరాలి. లేకపోతే మీ నష్టంతో పాటు ఎదుటివాళ్ల బ్లేడు కూడా పోతుంది.

తుప్పు పట్టిన మేకును పట్టుకుని లాగితే తల ఊడుతుంది. ముందు సుత్తితో ఒక దెబ్బ వేసి అర మి.మీ. లోపలికి దించండి. తుప్పు పట్టు విడుతుంది, ఆ తర్వాత లాగితే వస్తుంది. మొన అవతలికి పొడుచుకు వచ్చి ఉంటే అటువైపు నుంచి తట్టి తలను పైకి తేవడం ఇంకా తేలిక. తల తెగినదానికి 8 లేదా 10 మి.మీ. ఉక్కు గొట్టం ముక్క చివర ఆకురాయితో నాలుగు పళ్లు తీసి, డ్రిల్‌కు బిగించి, మేకు చుట్టూ తొలవండి. మేకు కర్ర బిళ్లతో సహా బయటకు వస్తుంది. ఆ రంధ్రాన్ని అదే కర్ర చీలతో, జిగురు పెట్టి మూసేయండి.

చాలా లోతులో ఉండి తీయలేని మేకు దొరికితే దాన్ని పట్టీ అడుగు వైపుకు తిప్పి, ఆ చోటుకు పెన్సిలుతో గురుతు పెట్టండి. తర్వాత హోల్డ్‌ఫాస్ట్ (బల్ల రంధ్రంలో దింపి ముక్కను అదిమి పట్టే ఇనుప కొక్కెం) రంధ్రాలు వేసేటప్పుడు దాని జోలికి వెళ్లకూడదు.

ప్రశ్న: ఒక దూలంలో సూది బెజ్జాలు ఉన్నాయి, తడితే పిండి రాలుతోంది. వాడవచ్చా?

జవాబు: పిండి ఇంకా రాలుతోందంటే పురుగు బతికే ఉందని అనుమానించాలి. పాత పిండి అంతా దులిపి, నల్లటి కాగితం మీద వారం రోజులు పెట్టి చూడండి. కాగితం మీద కొత్తగా పిండి పడితే ఆ దూలాన్ని మిగతా కర్రలకు దూరంగా పెట్టండి. పురుగు ఎక్కువగా తెల్లచెక్కనే (బెరడు పక్కనుండే లేత చెక్క) తింటుంది. చేవ గట్టిగా ఉంటే తెల్లచెక్కంతా చెక్కేసి చేవ వాడుకోవచ్చు. దబ్బనంతో గట్టిగా గుచ్చి చూడండి. నాలుగైదు మి.మీ. సులువుగా దిగితే అక్కడ కర్ర గుల్ల, అంతవరకూ కోసేయాల్సిందే.

కర్ర నడిమధ్యన 56 డిగ్రీలు వచ్చి అరగంట నిలిస్తే పురుగు, గుడ్లు చస్తాయి. ప్యాలెట్లకు పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం కూడా అదే. అయితే 100 మి.మీ. దూలం నడిమికి ఆ వేడి చేరడానికి గంటల తరబడి పడుతుంది. కర్ర ఆరబెట్టే కొలిమి ఉన్నచోట చేయించడమే సరైన పద్ధతి. బోరాన్ లవణాల ద్రావణం రంగు, నూనె లేని చెక్కలోకి మాత్రమే ఇంకుతుంది. అందుకే చిత్రిక పట్టాక పూయాలి, తర్వాత మళ్లీ బాగా ఆరనివ్వాలి.

ప్రశ్న: ద్వారబంధాల మీద నాలుగైదు పొరల పాత రంగు ఉంది. సాండర్‌తో గీకేయనా?

జవాబు: వద్దు. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. పొడిగా రుద్దితే ఆ ధూళి ఊపిరితో, చేతులతో లోపలికి పోతుంది. పసిపిల్లలకు మరీ ప్రమాదం. కాల్చడం కూడా వద్దు, పొగలోనూ సీసం ఉంటుంది. నీళ్లు చిలకరిస్తూ గీకుడు బిళ్లతో తీయండి. సన్నటి ధూళిని ఆపే మాస్క్ వేసుకోండి, గుడ్డ మాస్క్ పనికిరాదు. రాలినదంతా ప్లాస్టిక్ పట్టాలో చుట్టేయండి. పని బట్టలు వేరుగా ఉతకండి. ఇక్కడ మీ ద్వారబంధాలు చిత్రికకు ఎలాగూ మందం పోగొట్టుకుంటాయి కాబట్టి, మేకులు తీసి, పైపొరను రంపంతో పలచటి పలకగా కోసేయడం ఇంకా శుభ్రం.

పాత రైలు స్లీపర్లు మాత్రం ఎంత గట్టివైనా వదిలేయండి. వాటికి పట్టించిన క్రియోసోట్ చర్మానికీ ఊపిరికీ చేటు. ఆకుపచ్చ ఛాయ తిరిగిన, మందు ఎక్కించిన కర్రలో ఆర్సెనిక్ ఉండవచ్చు, దాన్నీ కోయవద్దు, కాల్చవద్దు.

ప్రశ్న: పట్టీలన్నీ జిగురు పెట్టి అతికించాను. రెండు నెలలకు మూడు అతుకులు విడిపోయాయి. జిగురు కొత్తదే. తప్పెక్కడ?

జవాబు: విడిన ముఖాలను వెలుతురులో చూడండి, కారణం అక్కడే రాసి ఉంటుంది. రెండువైపులా చెక్క నార చీలి ఉంటే జిగురు పట్టింది, కర్రే ఓడింది. అలాంటప్పుడు తేమ తేడా వల్ల కర్ర బలంగా లాగిందని అర్థం. ఒకవైపు జిగురు పొర మెరుస్తూ, రెండోవైపు చెక్క ఏమీ అంటనట్టు ఉంటే ఆ రెండో ముఖంలోకి జిగురు ఇంకలేదు. రెండువైపులా నున్నగా మెరుస్తుంటే కలిపేలోపే జిగురు పొరకట్టింది. తెల్లగా, సుద్దలా పొడి రాలితే చలిలో అతికించారు. పొర దళసరిగా ఉంటే ముఖాలు ఒకదానికొకటి ఆనలేదు, లేదా క్లాంపులు (పట్టీలను బిగించి పట్టే పనిముట్లు) చాలలేదు.

పాత కర్రలో ఎక్కువగా కనబడేది రెండో రకం. గాలికి, చేతి జిడ్డుకి ముసలిబారిన ముఖం మీద జిగురు నిలవదు. ఒక నీటిచుక్క వేసి చూడండి. అర నిమిషం తర్వాత కూడా ముత్యంలా నిలిచి ఉంటే జిగురూ అంతే. అతికే రెండు ముఖాలనూ పదునైన చిత్రికతో అదే రోజు పట్టాలి. మొద్దుబారిన బ్లేడు చెక్కను నలిపి నున్నగా చేస్తుంది, మెరుస్తుంది గానీ జిగురును తాగదు. టేకులో సహజంగానే జిడ్డు ఉంటుంది. కొత్తగా పట్టిన ముఖాన్ని అసిటోన్ గుడ్డతో తుడిచి, అది ఆరిన కొద్ది నిమిషాల్లో జిగురు పెట్టేయండి.

ఈ కొలత పైపలకకు పన్నెండు పట్టీలు, పదకొండు అతుకులు. చదరపు మీటరుకు 200 గ్రాముల చొప్పున లెక్కిస్తే 250 గ్రాములకు కాస్త అటూఇటూ పడుతుంది, అరకిలో డబ్బా చాలు. అన్నీ ఒకేసారి అతికించాలనుకోవడమే పెద్ద పొరపాటు. వెచ్చటి గదిలో తెల్ల జిగురు ఐదు నుంచి పది నిమిషాల్లో పొరకడుతుంది. మూడు పట్టీలు, అంటే రెండు అతుకులు మాత్రమే ఒక విడత. అలా నాలుగు మోపులు చేసి, వాటి ముఖాలు మళ్లీ సరిచేసి, ఒకదానికొకటి కలపండి. జిగురు లేకుండా ముందు ఒకసారి బిగించి చూడండి. సందు చేత్తో నొక్కితే మూసుకుపోవాలి. క్లాంపుతో బలవంతంగా మూయాల్సి వస్తే ఆ బలవంతం ఎప్పుడూ ఆ అతుకు మీదే ఉంటుంది, ఏదో ఒక రోజు విడిపోతుంది.

20 సెం.మీ.కు ఒకటి చొప్పున క్లాంపులు, ఒకటి పైనుంచి ఒకటి కిందినుంచి పెట్టండి. జిగురు అంచు పొడవునా సన్నటి పూసల్లా బయటికి రావాలి. ఎక్కడైనా రాకపోతే అక్కడ చాలలేదని గుర్తు. గంట తర్వాత విప్పవచ్చు గానీ, చిత్రిక పట్టడం మర్నాడే.

ఇంకొక్క సంగతి. పట్టీలు పేర్చేటప్పుడే చెక్క నార ఎటు లేస్తోందో చూసి, అన్నీ ఒకే దిక్కుకు వచ్చేలా బాణం గుర్తులు వేసుకోండి. ఎదురుబొదురుగా పెడితే తర్వాత చిత్రిక ఏ వైపు నుంచి తోసినా ఒక పట్టీ చిరుగుతూనే ఉంటుంది. ఆ విసుగు బల్ల ఉన్నంతకాలం ఉంటుంది.

ప్రశ్న: బల్ల మీద చిత్రిక తోస్తే బల్ల పొడవునా ఊగుతోంది. కాళ్లను అడ్డకర్రలకు మేకులు, స్క్రూలతో కలిపాను. ఇంకా మేకులు కొట్టనా?

జవాబు: కొట్టవద్దు. చిత్రిక తోసిన ప్రతిసారీ కీలు మెలిక పడి మేకు తన బెజ్జాన్ని పెద్దది చేసుకుంటుంది. ఇంకో పది కొట్టినా వారంలో అదే కథ. ముందు ఊపు ఎక్కడిదో చూడండి. ఒకరు బల్లను తోస్తుంటే మరొకరు కాలు, అడ్డకర్ర కలిసే గీతను గమనించాలి. గీత తెరుచుకుని మూసుకుంటుంటే కీలు లోపం. కీలు కదలకుండా బల్ల మొత్తం జారుతుంటే బరువు చాలలేదు, అడుగు అర మీద ఇసుక బస్తా పెట్టినా కుదురుతుంది.

కీళ్లకు రెండు పద్ధతులు. ముందు వెనకల పొట్టి అడ్డకర్రలకు కుసి (కర్ర చివర చెక్కిన నాలుక), బెజ్జం (కాలులో అది దిగే గుంట). 45 మి.మీ. కర్రకు మూడో వంతు, అంటే 15 మి.మీ. మందం కుసి, 60 మి.మీ. లోతు. 90 మి.మీ. కాలులో అది సరిగ్గా కూర్చుంటుంది. కుసి చేతి ఒత్తిడికి దిగాలి, సుత్తి దెబ్బలకు దిగితే బెజ్జం పక్కన బీట పడుతుంది. పట్టు ఇంకా పెంచాలంటే కాలులో 10 మి.మీ. కర్ర చీలకు రంధ్రం వేసి, కుసిని దింపి ఆ రంధ్రపు కేంద్రం గుర్తు పెట్టుకోండి. కుసి బయటికి తీసి, దానిలో రంధ్రాన్ని 1.5 మి.మీ. అడ్డకర్ర భుజం (కుసి మొదట్లో కాలుకు ఆనే అంచు) వైపు జరిపి వేయండి. చీల దిగేకొద్దీ కుసిని లోపలికి లాగుతుంది, జిగురు లేకపోయినా వదలదు. జరపాల్సింది భుజం వైపే. అటు ఇటు తారుమారైతే చీల కీలును విడదీస్తుంది.

పొడుగు అడ్డకర్రలకు బోల్టు మేలు. ఎప్పుడైనా బల్ల విప్పి తరలించవచ్చు, కర్ర కుంచించుకుంటే మళ్లీ బిగించవచ్చు. చివర 20 మి.మీ. పొట్టి కుసి, కాలులో దానికి తగ్గ గుంట, నడిమధ్యన 12 మి.మీ. బోల్టు, 180 పొడవు. రంధ్రం 13 మి.మీ. కాలు బయటి వైపు పెద్ద వాషరు. నట్టుకు అడ్డకర్ర లోపలి ముఖంలో, భుజం నుంచి 70 మి.మీ. దూరంలో గుంట తీయండి. అక్కడా ఒక వాషరు వేయకపోతే నట్టు చెక్కను నొక్కుకుంటూ పోతుంది. కుసి, బోల్టు ఒకే ఎత్తులో ఢీకొనకూడదు. పొట్టి అడ్డకర్రను నేల నుంచి 100 మి.మీ. దగ్గర, పొడుగుదాన్ని 210 దగ్గర మొదలుపెడితే బోల్టు 257 దగ్గర వస్తుంది, రెండింటికీ చోటుంటుంది. మొదటి ఏడాది తేమ మారినప్పుడల్లా నట్లు పావు చుట్టు బిగించాల్సి రావచ్చు. తప్పు చేశామనుకోకండి, కర్ర కుదురుకుంటోంది.

మీ అడ్డకర్రలు 95 కంటే సన్నవైతే వెనక రెండు కాళ్ల మధ్య 12 మి.మీ. ప్లైవుడ్ పలక స్క్రూలతో బిగించండి. పొడవునా ఊగడానికి ఇంతకంటే తేలికైన మందు లేదు.

ప్రశ్న: పైపలకను కింది చట్రానికి ఎనిమిది స్క్రూలతో గట్టిగా బిగించాను. నడుమ బీట పడింది. పాత టేకు కూడా ఇలా చీలుతుందా?

జవాబు: చీలుతుంది. కర్ర పొడవునా దాదాపు కదలదు, అడ్డంగా కదులుతుంది. 600 మి.మీ. టేకు పలక తేమ నాలుగు శాతం మారితే, పట్టీలు కోసిన తీరును బట్టి 2 నుంచి 5 మి.మీ. వరకు వెడల్పు మారుతుంది. అటు స్క్రూ, ఇటు స్క్రూ గట్టిగా పట్టుకుంటే పోవడానికి దారిలేక బలహీనమైన చోట విడిపోతుంది.

ముందు అంచు దగ్గర రెండు స్క్రూలు బిగుతుగా ఉంచండి. వెనక అంచు దగ్గర స్క్రూ దిగే అడ్డకర్రలో రంధ్రాన్ని ముందు వెనకలకు 12 మి.మీ. పొడవు సందుగా సాగదీసి, వాషరు పెట్టి బిగించండి. అప్పుడు కదలికంతా వెనక్కి పోతుంది, పని జరిగే ముందు అంచు, కాళ్ల ముఖాలు ఎప్పుడూ ఒకే వరసలో ఉంటాయి. ఇప్పటి బీటను పుట్టీతో నింపవద్దు. స్క్రూలు వదులు చేసి కొన్ని వారాలు చూడండి, సగం తనంతట తానే మూసుకుంటుంది. మిగిలినదానిలో అదే కర్ర సన్నటి చీలిక జిగురుతో దింపండి.

ప్రశ్న: పైపలకను సమంగా చేయడం, హోల్డ్‌ఫాస్ట్ రంధ్రాలు, చివర్లో పూత గురించి చెప్పండి.

జవాబు: చట్రానికి బిగించాకే సమం చేయాలి. ముందు చేస్తే బిగింపులో మళ్లీ మెలిక వస్తుంది. పలక రెండు చివర్లా రెండు తిన్నటి బద్దలు అడ్డంగా పెట్టి, కళ్లు ఆ ఎత్తుకు దించి చూడండి. బద్దల పై అంచులు ఒకదానికొకటి సమాంతరంగా కనబడకపోతే మెలిక ఉంది. ఎత్తున్న మూలలను మొదట తగ్గించండి. తర్వాత చిత్రికను వెడల్పుకు అడ్డంగా, ఆపైన ఐమూలగా, చివర్లో పొడవునా నడపండి. అడ్డంగా తోసేటప్పుడు వెనక అంచు చిట్లుతుంది, ముందే ఆ అంచును కాస్త వాలుగా చెక్కుకోండి. తిన్నటి బద్ద కింద అర మి.మీ. కంటే ఎక్కువ సందు కనబడకపోతే చాలు.

హోల్డ్‌ఫాస్ట్ రంధ్రాలు మీ హోల్డ్‌ఫాస్ట్ కొలతకే, మామూలుగా 19 లేదా 20 మి.మీ., కచ్చితంగా నిటారుగా వేయండి. 75 మి.మీ. మందంలో అది చక్కగా పట్టుకుంటుంది. 100 దాటితే పట్టు తగ్గుతుంది, అప్పుడు అడుగు నుంచి రంధ్రాన్ని వెడల్పు చేయాలి. డ్రిల్ పెట్టేముందు మేకు గురుతులు మరోసారి చూసుకోండి. వైస్ (ముక్కను దవడల మధ్య బిగించే పట్టు) దవడ పై అంచు పైపలకతో సమంగానో, ఒక మి.మీ. కిందో ఉండాలి. పైకి ఉంటే చిత్రిక బ్లేడు ఇనుముకు తగులుతుంది.

వార్నిష్ వేయకండి, నున్నగా జారుతుంది, ముక్క నిలవదు. ఉడికించిన అవిసె నూనె పలచగా రాసి, పావుగంట తర్వాత మిగిలినదంతా తుడిచేయండి. మర్నాడు ఇంకోసారి, అడుగు వైపు కూడా. తుడిచిన గుడ్డలను మాత్రం ముద్దగా చుట్టి మూల పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దలో వేడి బయటికి పోలేక గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. విడివిడిగా ఆరుబయట పరిచి గట్టిపడేదాకా ఆరబెట్టండి, లేదా నీళ్లు నింపిన రేకు డబ్బాలో ముంచి మూత పెట్టండి.